మొదటి జాగా

వేసవి సెలవులకు మా ఊరు వచ్చిన మనుమడు మధ్యాహ్నం పూట ఎండకు బయటకు పోలేక కంప్యూటరు ముందు కూర్చుంటాడు. వాడు ఆడే ఆట పేరు సివిలైజేషన్. 1991లో సిడ్ మేయర్ అనే ఆయన రూపొందించినాడట. ఇప్పటికి ఏడు రూపాలు వచ్చినవి, ఏడవది 2025 ఫిబ్రవరిలో వెలువడినది. మావాని దగ్గర ఉన్నది 2016 నాటి ఆరవది. తుపాకి పేల్చుటే పనిగా ఉండే ఆటలవంటిది కాదు ఇది. చదరంగంవలె వంతులవారీగా నడుస్తుంది. ఆలోచించుకొనుటకు కావలసినంత సమయం ఇస్తుంది. అందుచేతనే కాబోలు, ప్రక్కన పడక కుర్చీలో పుస్తకం పట్టుకొని కూర్చున్న నాకు కూడా దాని మీదికి చూపు పోయింది.

ఆట ఆరంభంలో ఆటగాని చేతికి ఒక వలస బిడారు, ఒక యోధుడు దొరుకుతారు. చుట్టూ నాలుగైదు గళ్ళ నేల మాత్రం కనబడుతుంది, మిగిలిన లోకమంతా మరుగున ఉంటుంది. ఆ కొద్ది నేలను చూచి మొదటి పట్టణం ఎక్కడ నిలపాలో నిర్ణయించుకోవాలి. ఆ తరువాత ఆరువేల సంవత్సరాల చరిత్ర ఆ నిర్ణయం మీద నడుస్తుంది. మావాడు చేస్తున్న పని ఏమనగా, బిడారు ప్రత్యక్షం కాగానే నేలను ఒక చూపు చూచుట, పెదవి విరుచుట, ఆటను రద్దు చేసి క్రొత్త పటం తెప్పించుకొనుట. నేను లెక్కపెట్టినాను. ఏడుసార్లు చేసినాడు.

"ఏంరా బిడ్డా, ఆడుతలేవు, ఊరికె మళ్ళ మళ్ళ మొదలు పెడుతున్నవు?" అని అడిగినాను.

"జాగ మంచిగ లేదు తాతా. నది లేదు. అన్నీ గుట్టలు, ఎండిపోయిన భూమి. ఇసొంటి దాంట్లె ఆడితె ఓడిపోతం" అన్నాడు.

కళ్ళజోడు సవరించుకొని ముందుకు వంగి చూచినాను. తెర మీద గోధుమరంగు నేల. అక్కడక్కడ గుట్టలు. రెండు గళ్ళ అవతల ఒక కొండ. ఒక మూల కాస్త ఎడారి. నది లేదు, సముద్రం లేదు. నాకు నవ్వు వచ్చింది. మా టేకుమట్ల నుండి బయలుదేరి హనుమకొండ దాకా బస్సు కిటికీలోనుంచి కనబడే నేల ఇంచుమించు అదే. వాడు ఏడవసారి కొట్టివేయబోతున్నది వాని తాతల ఊరిని.

ఈ మాట మీదనే నాలుగు మాటలు వ్రాయాలనిపించింది. ఆట సంగతి నాకు తెలిసినంత వరకే చెబుతాను. నేల సంగతి మాత్రం కొంత గట్టిగానే చెప్పగలను.

తెలంగాణ పీఠభూమిని ఆటగాని కంటితో చూచినవాడు ఎవడైనా మనుమని మాటనే అంటాడు. రెండు మహానదులు ఉన్నవి, నిజమే. ఉత్తరాన గోదావరి, దక్షిణాన కృష్ణ. కాని అవి ప్రవహించేది లోతున. పొలాలు ఎత్తున, నీళ్ళు పల్లాన. నది ప్రక్కనే పుట్టి పెరిగిన రైతు కూడా మొగులుకేసి చూడవలసినదే. మా దగ్గరి మానేరు సంగతి చెప్పనే అక్కరలేదు, వానాకాలం పోతే మిగిలేది ఇసుక. అడుగున నల్లరాయి, పైన జానెడు ఎర్రచెల్క. పడే వాన తక్కువేమీ కాదు, కాని నాలుగు నెలలలోనే అంతా పడిపోతుంది. వాలు నేల కాబట్టి పడినది పడినట్లే ఒర్రెలు పట్టి వెళ్ళిపోతుంది. మిగిలిన ఎనిమిది నెలలు త్రాగుటకు నీరు వెదుకుకోవాలి.

మన దేశంలో పూర్వరాజులు మావానివంటివారే. మంచి జాగా చూచుకొని కూర్చున్నారు. ధాన్యకటకం కృష్ణ ఒడ్డున. ఇక్ష్వాకుల విజయపురి కృష్ణ ఒడ్డున. రాజమహేంద్రవరం గోదావరి ఒడ్డున. మన కోటిలింగాల కూడా గోదావరి ఒడ్డునే. అవి తప్పని నేననను, బుద్ధిమంతుడు చేసే పని అదే. కాని కాకతీయుల సంగతి చూడండి. హనుమకొండ, దాని తరువాత దానికి కూతవేటు దూరంలోనే ఓరుగల్లు. ఆ పట్టణాన్ని ఒరసి పారే మహానది ఏదీ లేదు. ఊరి పేరే ఒక రాతి పేరు. ఆ రాతి మీద కూర్చొని తెలుగు దేశంలో అధికభాగాన్ని ఏలినారు. ఇది ఎట్లా సాధ్యమైనదన్నదే ప్రశ్న.

మా చిన్నప్పుడు బడిలో దీనికి జవాబుగా "కాకతీయులు చెరువులు త్రవ్వించిరి" అని ఒక వాక్యం వ్రాయించేవారు. నేను ఉపాధ్యాయుడనైన తరువాత అదే వాక్యాన్ని పిల్లలచేత వ్రాయించినాను. ఆ వాక్యంలో ఒక తప్పు ఉన్నదని నాకు చాలా ఆలస్యంగా తెలిసినది. చెరువును త్రవ్వరు, కడుతారు. త్రవ్వేది బావి, కోనేరు. చెరువు అంటే కట్ట. నీరు దిగిపోయే దారిని చూచి, రెండు గుట్టల నడుమ ఇరుకైన చోటు పట్టుకొని, అక్కడ అడ్డంగా కట్ట పోస్తే, వెనుక ఉన్న పల్లమంతా దానంతట అదే చెరువు అవుతుంది. లక్నవరం పోయి చూడండి. అంత నీటిని నిలిపినది మనిషి పోసిన కట్ట కొంత, గుట్టలు కొండంత. రామప్ప చెరువు అట్లాంటిదే. గణపతిదేవుని కాలంలో జగదాల ముమ్మడి కట్టించిన పాకాల అట్లాంటిదే. గుట్ట లేనిచోట ఈ పని కాదు. సమతలమైన డెల్టా భూమిలో మైళ్ళకొద్దీ కట్ట పోసినా నిలిచేది మోకాలి లోతు.

అంటే ఏమిటి? మావాడు "అన్నీ గుట్టలే" అని దేనిని చూచి పెదవి విరిచినాడో, కాకతీయుల కంటికి అదే ఆస్తి. వాలు ఉన్నది కనుకనే నీరు ఒకచోటికి వస్తుంది. గుట్టలు ఉన్నవి కనుకనే దానిని తక్కువ శ్రమతో ఆపవచ్చు. అడుగున రాయి ఉన్నది కనుకనే అది ఇంకిపోక నిలుస్తుంది. పంటకు పనికిరాని గుణాలు మూడూ చెరువుకు పనికివచ్చినవి. నేల మారలేదు, నేలను అడిగిన ప్రశ్న మారింది.

అక్కడితో ఆగలేదు. ఒక చెరువు నిండి మత్తడి దుంకితే ఆ నీరు క్రింది చెరువుకు పోతుంది, అది నిండితే దాని క్రిందిదానికి. గొలుసుకట్టు అంటారు. పై చెరువు ఆయకట్టులో పొలానికి పారిన నీరు ఊటగా దిగి క్రింది చెరువుకు చేరుతుంది. వాగులో కలిసిపోయేలోపల ఒకే వానను రెండు మూడు ఊళ్ళు వాడుకొంటాయి. వాన తక్కువ కాదు, నిలువదు అని ముందు చెప్పినాను గదా, దానికి విరుగుడు ఇది. అయితే గొలుసులో ఒక లంకె తెగితే ఏమవుతుందో కూడా చెప్పవలెను. పై కట్ట తెగిన రాత్రి క్రింది కట్టలన్నీ వరుసగా తెగుతాయి. కనుక పై ఊరివాని మత్తడి బాగోగులు క్రింది ఊరివానికి కూడా పట్టింపే.

ఈ శాస్త్రం ఏ స్థాయికి పోయినదో తెలుసుకోగోరినవారు కడప జిల్లా పోరుమామిళ్ళ శాసనాన్ని చూడవలెను. అది కాకతీయుల తరువాతిది, 1369 నాటిది, విజయనగర రాజకుమారుడు భాస్కర భవదూరుడు వేయించినది. సంస్కృతంలో మంచి ఛందస్సులో ఉంటుంది. పండితులకు అదొక విందు. ఒక చెరువుకు కావలసిన పన్నెండు అంగాలను, రాకూడని ఆరు దోషాలను అందులో లెక్కపెట్టినారు. ధర్మపరుడైన రాజు కావలెను, జలశాస్త్రం తెలిసినవాడు కావలెను, గట్టి నేల కావలెను, దూరం నుండి వచ్చే తియ్యని నీటి యేరు కావలెను, తగిలియున్న కొండలు కావలెను, దగ్గరలో రాతిగని కావలెను, పనితనం తెలిసిన మనుషులు కావలెను. ఇక దోషాలు. కట్టలోనుంచి నీరు ఊరుట ఒకటి. చవుడు నేల ఒకటి. చెరువు నడుమ తాబేటి వీపువలె మిట్ట ఉండుట ఒకటి. నీరు కొంచెం, చోటు విస్తారం కావడం ఒకటి. నీరు విస్తారం, చోటు కొంచెం కావడం ఒకటి. రెండు రాజ్యాల పొలిమేరలో ఉండుట ఒకటి. ఈ చివరిది చదివినప్పుడల్లా నాకు ఆ శాసనకర్త మీద గౌరవం పెరుగుతుంది. ఇప్పటి కృష్ణా జలాల తగాదాలను ఆయన ఆరున్నర శతాబ్దాల క్రిందటనే చూచినాడా అనిపిస్తుంది. ఆ చెరువుకు రోజుకు వేయిమంది కూలీలు, నూరు బండ్లు, రెండేండ్లు పట్టినవని కూడా అందులోనే ఉన్నది.

మళ్ళీ మనుమని దగ్గరకు వస్తాను.

"దీన్నే ఉంచు. నేను గూడ కూర్చుంట" అన్నాను. వానికి తాతతో ఆడుట వింతగా తోచి ఒప్పుకొన్నాడు. ఆట నియమాలు వాడే చెప్పినాడు. నది ఒడ్డున పట్టణం నిలిపితే ఐదు గృహాల వసతి, సముద్రం ఒడ్డునైతే మూడు, ఏ నీరూ లేకపోతే రెండు. వసతి నిండవస్తే జనం పెరుగుట మందగిస్తుంది. ఆ రెండు అనే అంకె వానికి గిట్టదు. సరే, నీరు దొరికే చోటుకు బిడారును నడిపించవచ్చు గదా అంటే, నడిపించిన ప్రతి వంతూ నష్టమేనట. ఇతర నాగరకతలు అప్పటికే ఊరు కట్టి పని మొదలుపెడతాయి. నది ఎటు ఉన్నదో తెలియకుండా నాలుగు వంతులు తిరిగినవాడు మంచి జాగా దొరికినా వెనుకబడిపోతాడు. నాకు ఇది సబబుగా తోచింది. ఒక అడుగు ప్రక్కకు జరిగి గుట్ట మీదికి ఎక్కుట వేరు, దిక్కు తెలియక తిరుగుట వేరు.

మేము గుట్ట మీదనే నిలిపినాము. గుట్ట మీద ఊరికి తిండి అంతే వస్తుంది కాని పనిబలం ఒకటి ఎక్కువ వస్తుంది. చుట్టూ గుట్టలలో గనులు త్రవ్వితే ఇంకా పెరుగుతుంది. ఈ పనిబలంతో ముందుగా ధాన్యపు కొట్టు కట్టినాము, దానివలన కొంత తిండి, రెండు గృహాల వసతి పెరిగినవి. తరువాత యంత్రవిద్య నేర్చి, కొండ ప్రక్కన ఒక నీటికాలువ వంటిది కట్టినాము. కొండ నుండి ఊరికి నీరు తెచ్చే రోమనుల ఏర్పాటు అది. నది లేని ఊరు నది ఉన్న ఊరితో సమానమైపోయింది. మావాడు తెర వైపు నోరు తెరచి చూచినాడు. ఈ సదుపాయం ఆటలో ఉన్న సంగతి వానికి తెలియదు. ఎట్లా తెలుస్తుంది, ఏనాడూ మొదటి వంతు దాటి ఎండనేల మీద ఉండలేదు కదా.

ఎడారి నేల సంగతి కూడా చెప్పినాడు. ఆటలో పెట్రా అనే అద్భుతాన్ని కడితే ఆ ఊరి ఎడారి గళ్ళు ఒక్కసారిగా పంట, ధనం ఇచ్చేవిగా మారతాయట. అది కట్టుకథ కాదు. నిజమైన పెట్రా నేటి జోర్డాను దేశంలో ఉన్నది. నబతీయులు అనే వర్తక జాతి ఆ రాళ్ళలో ఆనకట్టలు, తొట్లు, కాలువలు తొలిచి, ఎప్పుడో పడే వానను పట్టుకొని పట్టణం నిలిపినారు. అట్లాగే ఈ ఆటలో ఇంకా జాతులకు కొండచరియల మెట్లపొలాలు, మాలీవారికి ఎడారి మేలు ఇచ్చినారు. భారతదేశానికి మెట్లబావి ఇచ్చినారు, సంతోషం. మావాడు చూపిన జాబితాలో కాకతీయులు లేరు. ఊరి ముందు చెరువు కట్టుకొనే వీలు కూడా నాకు కనబడలేదు. చెరువనేది పటంలో ముందే ఉండవలె, లేదా లేనట్లే.

ఈ ఆట మీద నాకున్న తగవు ఇదే. పటం దేవుడిచ్చినది, దాని మీద మనిషి ఆడుకొంటాడు అన్నది దాని మూలసూత్రం. ఉపగ్రహం నుండి తీసిన వరంగల్లు పటాన్ని చూడండి, ఎటు చూచినా నీలి మచ్చలు. తెలియనివాడు చూస్తే ఎంత చక్కని జాగా, ఎన్ని సరస్సులు అంటాడు, వెంటనే బిడారును దింపుతాడు. ఆ మచ్చలలో సహజమైనవి ఎన్ని? ప్రతి దానికీ ఒక కట్ట, ఒక తూము, ఒక మత్తడి ఉన్నవి. అది ఆటగానికి ఇచ్చిన పటం కాదు, ఆటగాండ్రు గీసిన పటం. సముద్రం ముఖం చూడనివారు తమ చెరువులకు సముద్రం అని పేరు పెట్టుకొన్నారు. గణపురంలో గణపసముద్రం, అటు మహబూబాబాదు దిక్కు కేసముద్రం. అతిశయోక్తి అలంకారానికి ఇంతకంటె మంచి ఉదాహరణ నాకు దొరకలేదు, తరగతిలో దీనినే చెప్పేవాణ్ణి.

వీటినన్నిటినీ రాజే కట్టించలేదు. ఇది ముఖ్యమైన సంగతి. చెరువు కట్టినవానికి దాని క్రింది భూమిలో పదింట ఒక పాలు వంతున మాన్యంగా ఇచ్చే దశబంధమనే ఏర్పాటు ఉండేది. కట్టను బాగుచేసేవానికి కూడా అది చెల్లేది. మరొక వైపు, చెరువు సప్తసంతానాలలో ఒకటి. కొడుకును కన్నంత పుణ్యం. లాభం, పుణ్యం రెండూ ఒకే గట్టు మీద పెట్టినారు. అందువలన సేనానులు కట్టినారు, మంత్రులు కట్టినారు, వర్తకులు కట్టినారు, స్త్రీలు కట్టినారు. గణపతిదేవుని సోదరి మైలాంబ బయ్యారంలో చెరువు కట్టించి వేయించిన శాసనంలోనే కాకతీయుల తొలి తరాల పేర్లు మనకు దొరికినవి. ఒక చెరువు శాసనం లేకపోతే ఆ వంశవృక్షానికి వేళ్ళు తెలిసేవి కావు.

చెరువుతోనే సరిపోదన్నదీ వారికి తెలుసు. ఉప్పు, గుర్రాలు, దూరదేశపు సరకు ఈ రాళ్ళలో దొరకవు. గణపతిదేవుడు తీరం దాకా పోయి మోటుపల్లి రేవును చేత పట్టినాడు. 1244లో అక్కడ వేయించిన అభయశాసనంలో, ఓడ పగిలి కొట్టుకొనివచ్చిన వర్తకుల సొమ్మును పూర్వరాజులవలె తాను కాజేయనని, న్యాయమైన సుంకం మాత్రమే తీసుకొంటానని మాట ఇచ్చినాడు. తన నేలలో లేనిదాన్ని తెచ్చుకొనుటకు ఆయన రేవును గెలిచి ఊరుకోలేదు, నమ్మకాన్ని కూడా సంపాదించినాడు. మా ఆటలో కూడా ఐదారు వంతుల దూరాన తీరం కనబడగానే రెండవ ఊరు అక్కడ నిలిపినాము. ఈ సలహా నాది కాదు, మావానిది.

మంచి జాగా వచ్చినవాడు సుఖపడినాడా అంటే, అదీ చెప్పలేము. కృష్ణా గోదావరుల నడిమి డెల్టా కంటె గొప్ప నేల తెలుగు దేశంలో ఏది? కాని 1832-33లో, నందన నామ సంవత్సరంలో, గుంటూరు సీమలో జనం ఆకలితో రాలిపోయినారు. ప్రక్కనే కృష్ణ పారుతూనే ఉన్నది. ధవళేశ్వరం ఆనకట్ట 1852లో, బెజవాడ ఆనకట్ట 1855లో పూర్తి అయిన తరువాతనే ఆ నేల అన్నపూర్ణ అయినది. కాటన్ దొరకు అక్కడివారు ఇప్పటికీ విగ్రహాలు పెట్టుకొంటున్నారంటే కారణం ఉన్నది. నది ప్రక్కన కూర్చున్నంత మాత్రాన నీరు నోటిలోకి రాదు.

ఇంకొక విశేషం. ఆటలో బొగ్గు మొదట కనబడదు. పారిశ్రామిక విద్య వచ్చిన తరువాతనే ఏ గడి క్రింద ఉన్నదో తెలుస్తుంది. మంచి గడ్డినేల మీద కూర్చున్నవానికి లేని బొగ్గు, ఎందుకూ పనికిరాదని వదలిన అడవి క్రింద బయటపడవచ్చు. ఇది చదువుతున్న మా భూపాలపల్లివారు ఇప్పటికే నవ్వుకొని ఉంటారు. 1871లో విలియం కింగ్ అనే భూగర్భ శాస్త్రజ్ఞుడు ఇల్లందు ప్రాంతంలో బొగ్గును గుర్తించేదాకా ఈ గోదావరి లోయ అడవులు సర్కారు లెక్కలో అడవులే. ఇప్పుడు భూపాలపల్లి అంటే గనులు, చెల్పూరు అంటే విద్యుత్కేంద్రం. దానితో వచ్చిన దుమ్ము, పోయిన ఊళ్ళు కూడా లెక్కలోనివే, ఆట ఆ లెక్క కొంతవరకే చెబుతుంది.

ఇంతవరకు చదివినవారికి, ఈయన రాళ్ళనేలకు స్తోత్రం చదువుతున్నాడు, ఏసీ గదిలో కూర్చొని చదువవచ్చు అనిపించి ఉంటుంది. ఆ అనుమానం న్యాయమైనది. చెడ్డనేల మనిషిని గొప్పవాణ్ణి చేస్తుందనే మాట నేను నమ్మను. చెడ్డనేల మనుషులను చంపుతుంది కూడా. 1997-98లో వరంగల్లు జిల్లాలో పత్తి రైతులు వరుసగా పురుగుల మందు త్రాగినప్పుడు నేను బడిలోనే ఉన్నాను. నల్లరేగడి పంటను ఎర్రచెల్కలో వేసినారు, నీరు లేక బావులు, బోర్లు వేసినారు, పురుగు పడితే అప్పు తెచ్చి మందు కొట్టినారు. ఒక సోమవారం నా తరగతిలో ఒక పిల్లవాడు రాలేదు. తరువాత వచ్చినప్పుడు తల గొరిగించుకొని ఉన్నాడు. ఆనాడు నేను చెప్పవలసిన పాఠం ఏదో నాకు గుర్తులేదు. ఆ గుండు గుర్తున్నది.

అప్పటినుండి నేను పిల్లలకు ఒకే మాట చెప్పినాను. "ఈ భూమిల ఏమున్నది బిడ్డా? సదువుకోని బయట పడుండ్రి." మంచి మనసుతోనే చెప్పినాను. విన్నవారు బాగుపడినారు, హైదరాబాదులో ఉన్నారు, అమెరికాలో ఉన్నారు, పండుగకు ఫోను చేస్తారు. వారి బ్రతుకు చూచి నేను సంతోషిస్తాను. కాని మావాడు ఏడవసారి పటాన్ని కొట్టివేసినప్పుడు నాకు నా గొంతు వినబడింది. ముప్పై ఏండ్లు నేను నేర్పినది ఆ మీట నొక్కుటే. బయటపడండి అని చెప్పినాను గాని, పడలేక ఇక్కడే మిగిలినవారికి ఈ నేలను ఎట్లా చదవాలో చెప్పలేదు. "చెరువులు త్రవ్వించిరి" అని తప్పు వాక్యం వ్రాయించి మార్కులు వేసినాను. ఊరి చెరువు దగ్గరకు తీసుకొనిపోయి, ఇదిగో తూము, ఇదిగో మత్తడి, ఈ గుట్టకూ ఆ గుట్టకూ నడుమ కట్ట ఎందుకు పోసినారో చూడండి అని ఒక్కనాడూ చూపించలేదు. ఆ పిల్లవాని తండ్రికి తెలియక కాదు చనిపోయినది, కాని తెలిసిన పెద్దలు ఊరిలో మిగలకపోవుట కూడా ఒక కారణమే. వారిని మిగలకుండా చేసినవారిలో నేనూ ఒకణ్ణి.

బోరు వచ్చిన తరువాత చెరువు ఎవరికీ కాకుండా పోయింది. ఎవని పొలంలో వాని నీరు వానికి ఉన్నప్పుడు మత్తడి పూడిక ఎవరు తీస్తారు? నీరటికాడు ఏ మడికి ఎంత నీరు వదలాలో లెక్క తెలిసినవాడు, ఆ పని పోయింది. శిఖంలో పట్టాలు పుట్టినవి. బోర్లు ఎండినప్పుడు మాత్రం అందరికీ తెలిసింది, బోరులోని నీరు కూడా చెరువుదేనని. 2015 మార్చిలో మొదలైన మిషన్ కాకతీయలో రాష్ట్రంలోని 46 వేలకు పైగా చెరువులలో పూడిక తీయదలచినారు. మంచి పని, కొన్నిచోట్ల బాగా, కొన్నిచోట్ల కాగితం మీద జరిగిందని నా అభిప్రాయం. పూడిక తీయుట ఎంత ముఖ్యమో, తీసిన తరువాత తూము ఎవరు మూస్తారన్నది అంత ముఖ్యం. యంత్రం మొదటిది చేస్తుంది, రెండవదానికి మనిషి కావలెను.

మా జిల్లాలోనే మేడిగడ్డ ఉన్నది. 2019 జూన్‌లో ప్రారంభమైన బ్యారేజీ, 2023 అక్టోబరులో కొన్ని స్తంభాలు కుంగినవి. దాని మీద రాజకీయం మాట్లాడేవారు చాలామంది ఉన్నారు, నేను వారిలో చేరను. పోరుమామిళ్ళ శాసనంలోని పన్నెండు అంగాలలో గట్టి నేల ఒకటి, శాస్త్రం తెలిసినవాడు ఒకటి అని మాత్రం మరొకసారి గుర్తు చేస్తాను.

ఆట సంగతి అడుగుతారేమో, మేము గెలువలేదు. నదీతీరంలో కూర్చున్న మరొక నాగరకత మాకంటె ముందుగా అంతరిక్షానికి పోయింది. మేము జనసంఖ్యలో మూడవ స్థానంలో ఉన్నాము. మావాడు ఓడినందుకు కాసేపు మూతి ముడిచినాడు గాని, మరునాడు చూస్తే అదే పటాన్ని మళ్ళీ మొదటినుండి ఆడుతున్నాడు. ధాన్యపు కొట్టు ఇంకా ముందు కట్టవలసి ఉండెనట.

ఇక ఈ వ్రాతకు అసలు కారణం. ఊరి చివర మాకు నాలుగు ఎకరాల చెల్క ఉన్నది. దానికి పైన చిన్న కుంట, మా తండ్రిగారి కాలంలో దాని క్రింద వరి పండేది. ఒక పెద్దవానకు కట్ట తెగింది, నేను ఉద్యోగంలో పడి పట్టించుకోలేదు. ఆ రాళ్ళభూమి ఉంచుకొని ఏం చేస్తాము, ధర వచ్చినప్పుడే అమ్మేద్దామని మా కుమారుడు నెలరోజులుగా ఫోనులో అంటున్నాడు. వాని మాటలో తప్పు లేదు, వానికి ఆ మాట నేర్పినది నేనే. ఇంకా జవాబు చెప్పలేదు.

నిన్న సాయంకాలం ఎండ తగ్గిన తరువాత మనుమణ్ణి వెంటబెట్టుకొని అక్కడికి పోయినాను. రెండు మిట్టల నడుమ కట్ట అరవై అడుగులు మిగిలి ఉన్నది, నడుమ గండి. కట్ట మీద తుమ్మలు మొలిచినవి. వాడు గండిలోకి దిగి ఇటూ అటూ చూచి, "తాతా, ఇది ఎందుకు తెగింది?" అన్నాడు. మత్తడి పూడిపోయి ఉంటుంది, నీళ్ళు కట్ట మీదికి ఎక్కి ఉంటాయి అన్నాను. "మళ్ళ పొయ్యాలంటె ఎన్ని రోజులు పడ్తది?" అన్నాడు. నాకు తెలియదు. ప్రక్క ఊరిలో పాత నీరటికాడు ఒకాయన ఇంకా ఉన్నాడని విన్నాను. రేపు పొద్దున పోయి అడగవలెను.